సూదిమందు పాలు

నరసరావుపేట,
1949 మార్చి 28.

రెంటచింతల దేవమ్మ వదినగారికి రాహేలమ్మ వందనాలు.

మీ అమ్మాయి బతికే ఉంది. ముందు ఆ మాట చెబుతున్నాను. తిట్టుకోవడం తరవాత తీరిగ్గా తిట్టుకోవచ్చు.

పురిటికి పంపిన కోడలిని పుట్టింటివాళ్ళు తిప్పి పంపడానికి లోకంలో ఒక పద్ధతి ఉంది. చీరా రవికా పెడతారు, బిడ్డకు వెండి మొలతాడు కడతారు. మీరు మాత్రం ఒళ్ళు కాలిపోయే జ్వరంతో, రాయిలాగా గట్టిపడిన రొమ్ముతో, నెల దాటిన పసిగుడ్డును పక్కన వేసి, బస్సు వెనక సీట్లో పడుకోబెట్టి పంపారు. ఇశ్రాయేలు అన్నయ్యగారు చింతచెట్టు మీదినుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారని, అందుకని మీరు కదలలేకపోయారని బస్సు డ్రైవరు నాగూర్ వలి చెప్పాడు. అరవై ఏళ్ళ మనిషి చింతకాయల కోసం చెట్టెక్కడం గురించి నేనేమీ అనను. ఎవరి ఇంటి ముచ్చట వాళ్ళది.

బస్సు దిగీ దిగగానే ప్రేమమ్మను మిషన్ ఆస్పత్రికి తీసుకుపోయాను. పాలు గడ్డకట్టి లోపల చీము పట్టబోతోందని డాక్టరమ్మ చెప్పింది. ఇదివరకైతే కత్తి పెట్టి కోసేవాళ్ళట. ఇప్పుడు పెన్సిలిన్ అని కొత్త మందు వచ్చింది. యుద్ధంలో సోల్జర్లకు వేసిన మందు. గాజు బుడ్డిలో తెల్లటి పొడి ఉంటుంది, అందులో నీళ్ళు పోసి కలిపి తొడకు సూది వేస్తారు. కొన్నాళ్ళు రోజూ వేయించుకోవాలట. తగ్గినట్టుందని మధ్యలో మానేస్తే గడ్డ మళ్ళీ లేస్తుందట. సరేనన్నాను.

అక్కడితో ఊరుకుందా? ఆ సూది వేయించుకుంటూనే బిడ్డకు పాలివ్వమంది! "రెండు వైపులా ఇవ్వచ్చు. పాలు ఖాళీ అవుతుంటేనే గడ్డ తొందరగా కరుగుతుంది. పాలలోకి పోయే మందు చాలా కొద్ది, దానివల్ల బిడ్డకు హాని లేదు" అంది. ఆవిడ చదువుకున్న మనిషి కాబట్టి ఎదురు చెప్పలేదు. తల ఊపి, ఇంటికి వచ్చి నేను చేయదలచుకున్నది చేశాను.

మీరే చెప్పండి వదినా. మా జ్ఞానయ్యకు చంటితనంలో అజీర్తి చేస్తే వాడికి మందు పోశానా? కషాయం నేను తాగాను, వాడికి తగ్గింది. దగ్గు చేస్తే పథ్యం నేను తిన్నాను, దగ్గు వాడికి పోయింది. మీరు ప్రేమమ్మను అట్లాగే పెంచి ఉంటారు. తల్లి మింగిన వామూ శొంఠీ బిడ్డ పొట్టకు చేరినప్పుడు సోల్జర్ల మందు చేరదా? తుపాకీ పట్టే మగవాడికి వేసే మందును పిడికెడు పిల్ల తట్టుకుంటుందా? అందుకని పాలు ఆపించాను. పక్కింటి జాన్‌బీ మేకపాలు పోస్తోంది. జ్ఞానయ్య క్రోసూరు బడినుంచి ఆదివారం వచ్చి, నాతో "నీ ఇష్టం అమ్మా" అని, పెళ్ళాంతో "నీ ఇష్టం" అని, సోమవారం బస్సెక్కాడు. వాడు పంతులు ఎట్లా అయ్యాడో నాకు ఇప్పటికీ తెలియదు.

మీరు కూడా సరేనని ఒక ముక్క రాస్తే మీ అమ్మాయి ఏడుపు ఆపుతుంది.

మీ వదిన,
రాహేలమ్మ.


రెంటచింతల,
ఏప్రిల్ 1.

నరసరావుపేట రాహేలమ్మ వదినగారికి దేవమ్మ రాయునది.

మీ ఉత్తరం మీ అన్నయ్యగారికి చదివి వినిపించాను. "అరవై కాదు, యాభై ఎనిమిది అని రాయి" అన్నారు. రాశాను. కాలికి వెదురు బద్దలు కట్టి మంచం మీద పడేస్తే, అక్కడినుంచే ఊరంతటికీ పెత్తనం చేస్తున్నారు. మంచినీళ్ళు కావాలన్నా, వీపు గోకాలన్నా నేనే. ఈ మనిషిని వదిలేసి నేను ఎట్లా వచ్చేది?

ఇది మా క్యాథలిక్కులకు ఈస్టరు ముందటి తపస్సు కాలం. ఎవరినీ తిట్టకూడదని మా ఫాదరుగారు మొన్ననే ప్రసంగం చేశారు. మీ బాప్టిస్టులకు ఆ బాధ లేదు, ఏడాది పొడుగునా తిట్టుకోవచ్చు. నేను మాత్రం తిట్లన్నీ ఈస్టరు దాకా దాచిపెడుతున్నాను.

పెళ్ళినాటి నుంచి మనిద్దరికీ ఒక్క విషయంలో కూడా కుదరలేదు. మొదటిసారి కుదిరింది. తల్లి తిన్నది బిడ్డకు చేరుతుందన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ వదినగారూ, ఆ లెక్కన మీరు ఆపవలసింది పాలు కాదు, సూది! పాలు ఎప్పటినుంచో ఉన్నవి. సూది మొన్న వచ్చింది. ఇంట్లోకి కొత్తవాడు వచ్చి గొడవ చేస్తే కొత్తవాణ్ణి పొమ్మంటామా, ఇంటివాణ్ణి పొమ్మంటామా?

నాగూర్ వలి చేతికి వేపాకు మూట ఇచ్చి పంపుతున్నాను. పచ్చి పసుపుతో కలిపి నూరి, వెచ్చచేసి కట్టండి. మా అమ్మ కాలంనుంచీ ఈ కట్టుతో ఎంతమందికి తగ్గిందో లెక్కలేదు. సూది మాన్పించండి, బిడ్డను తల్లి దగ్గర పడుకోబెట్టండి. డాక్టరమ్మకు నా మాటగా చెప్పండి. మీకు భయమైతే నాగూర్ వలిని తోడు తీసుకుపోండి.

దేవమ్మ.


నరసరావుపేట,
ఏప్రిల్ 5.

వదినగారికి వందనాలు.

మీ వేపాకు మూట అందింది. అరుగు మీద పెట్టి లోపలికి పోయి వచ్చేలోగా జాన్‌బీ మేక తినేసింది. దానికి గడ్డలేమీ లేవు, ఇక ముందు కూడా రావని మీ వైద్యం మీద నమ్మకంతో చెబుతున్నాను.

ఈ ఒక్క మాట మాత్రం నవ్వకుండా రాస్తున్నాను. ఆ కట్టుతో తగ్గినవాళ్ళు లెక్కలేనంతమంది అన్నారు. తగ్గినవాళ్ళు వచ్చి మీకు చెప్పారు. తగ్గనివాళ్ళు చెప్పడానికి లేరు. నా చెల్లెలు సారమ్మకు తొలి కాన్పులో ఇదే గడ్డ లేచింది. మేమూ ఆకులు కట్టాం, ప్రార్థనలు చేశాం. ఇల్లిల్లూ తిరిగి సువార్త చెప్పిన నోరు నాది, ఆ వారమంతా నేను మోకాళ్ళ మీదే ఉన్నాను. చీము ఒళ్ళంతా పాకి సారమ్మ పోయింది. అప్పుడు ఈ సూది ఉంటే నా చెల్లెలు ఇవాళ నాతో పోట్లాడుతూ ఉండేది. కాబట్టి మీ అమ్మాయికి సూది ఆపను. మీరు పోపుగారితో చెప్పించినా ఆపను.

జ్వరం తగ్గుముఖం పట్టింది. గడ్డ కొంచెం మెత్తబడింది. ఒళ్ళో బిడ్డ లేదని ప్రేమమ్మ మొహం ముడుచుకుని కూర్చుంటుంది కానీ, అన్నం తింటోంది.

బిడ్డ గురించి బెంగ పెట్టుకోకండి. మేకపాలు గటగటా తాగుతోంది. బుగ్గలు కూడా వచ్చాయి.

ఇంకొక సంగతి. తాగే నోరు లేక పాలు పొంగి మీ అమ్మాయి నొప్పికి తట్టుకోలేకపోతోంది. పిండి పారబోస్తున్నా మళ్ళీ నిండుతున్నాయి. బజారులోకి మల్లెలు వచ్చాయి. నిన్న కొనుక్కొచ్చి రెండు వైపులా దండలు కట్టాను. వారం పది రోజులు కడితే పాలు వాటంతటవే ఇంకిపోతాయి, బాధ తీరుతుంది. చూశారా, మీ అమ్మాయిని నేనెంత కనిపెట్టుకుని ఉన్నానో.

రాహేలమ్మ.


రెంటచింతల,
ఏప్రిల్ 8.

రాహేలమ్మగారికి,

వదినగారూ అని రాయబుద్ధి కావడం లేదు. తపస్సు కాలం కూడా నాకు గుర్తు లేదు.

నాగూర్ వలి ఎప్పుడూ బస్సులోనుంచే ఉత్తరం విసిరేసి పోతాడు. నిన్న బస్సు ఆపి, దిగి, మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. "పిన్నీ, కూసోని ఇను" అన్నాడు.

"నీ మూట ఇయ్యటానికి పోయినప్పుడు బిడ్డ ఏడుపు ఇన్నా. అది ఏడుపు కాదు పిన్నీ, పిల్లికూన అరిచినట్టుంది. మేకపాలు పోస్తే కక్కుతంది, ముడ్డి ఆగటంలా. ఎండకి వడిలిపోయి ఇంతుంది. ప్రేమమ్మ కిటికీలోంచి పిలిచింది. అన్నా, మా అమ్మతో చెప్పు, బిడ్డని నాకియ్యమని చెప్పు, డాక్టరమ్మ రోజూ ఇయ్యొచ్చనే చెప్తంది, ఈ ఇంట్లో నా మాట ఎవరూ ఇనటంలా అని ఏడిసింది. మీరు మీరు ఉత్తరాలు రాసుకుంటన్నారు గానీ, ఆ పిల్లని ఎవురన్నా అడిగారా?"

బస్సులో జనం హారను కొడుతున్నా అతను కదలలేదు.

బుగ్గలు వచ్చాయని రాశారు. ఎవరికి వచ్చాయి, మేకకా?

సూది మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. మీ చెల్లెలి సంగతి రెండుసార్లు చదివాను. నా కూతురు నాకు కావాలి. సూది వేయించండి, చివరి దాకా వేయించండి. వేపాకు మూట మేక తిన్నదే మంచిదయింది.

కానీ డాక్టరమ్మ చెప్పినవి రెండు మాటలు. సూది వేసుకోమంది, పాలివ్వమంది. రెండూ ఒక నోటినుంచి వచ్చినవే. మీరు ఒకటి నమ్మి ఒకటి పారేశారు. బైబిల్లో కూడా మీరు ఇట్లాగే కావలసిన వచనాలు ఏరుకుంటారని మా ఫాదరుగారు అంటూ ఉంటారు. నేను అంతకంటే ఘనురాలిని, రెండూ నమ్మలేదు. మన ఇద్దరి తెలివీ కలిపి ఆ పసిదాన్ని ఎండబెట్టాం.

ఇక మల్లెల సంగతి.

మన వైపు రొమ్ముకు మల్లెలు ఎవరికి కడతారు రాహేలమ్మగారూ? బిడ్డ పోయిన తల్లికి కడతారు. జ్ఞానయ్య కంటే ముందు పుట్టిన మీ పిల్లవాడు పోయినప్పుడు మీ అత్తగారు మీకు కట్టిందని పెళ్ళి మాటలప్పుడు మీరే నాకు చెప్పారు. ఇప్పటికీ మల్లెపూల వాసన పడదని, తలలో కూడా పెట్టుకోనని చెప్పారు. అట్లాంటి మీరు బజారుకు పోయి, ఆ పూలు కొని, బతికున్న బిడ్డ తల్లికి ఏ చేతులతో కట్టారు?

పాలు ఇంకిపోతే మళ్ళీ రావు. రేపు గడ్డ తగ్గి, సూది అయిపోయి, ఇప్పుడిక ఇవ్వమని మీరు బిడ్డను తెచ్చి ఒళ్ళో పెట్టేనాటికి అక్కడ ఏముంటుంది?

వాటిని విప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటాను, విప్పండి.

దేవమ్మ.


నరసరావుపేట,
ఏప్రిల్ 18.

రెంటచింతల అమ్మమ్మగారికి మనవరాలు రాహేలమ్మ వందనాలు.

ఎండకు నాకు మతి పోలేదు. ఎందుకట్లా పిలిచానో చదివితే తెలుస్తుంది. బిడ్డ తల్లి దగ్గరే ఉందని మీ ఉత్తరం అందిన రోజే నాగూర్ వలితో కబురు పంపాను. అందింది కదా? మిగిలిన కథ అతనికి చెప్పడానికి సిగ్గేసింది. ఆడవాళ్ళం కాబట్టి మీకు రాస్తున్నాను.

మీ ఉత్తరం గుమ్మంలో నిలబడి చదివాను. మల్లెల దగ్గరికి వచ్చేసరికి అక్కడే కూలబడ్డాను. మీరు రాసిందాకా నాకు తట్టలేదంటే నమ్ముతారా? నొప్పి తగ్గించాలి, నొప్పికి మల్లెలు కట్టాలి అనుకున్నానే తప్ప, నాకు ఎవరు ఎప్పుడు కట్టారో గుర్తు చేసుకోలేదు. గుర్తు రాకూడదనే కాబోలు, కట్టేటప్పుడు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. లేచి పోయి దండలు పుటుక్కున తెంపేశాను. ప్రేమమ్మ బిత్తరపోయి చూసింది.

బిడ్డ గురించి మీకు అబద్ధం రాశాను. ఇవాళ తాగకపోతే రేపు తాగుతుంది, ఉత్తరం మీకు చేరేలోగా నిజమవుతుందనుకున్నాను. రోజురోజుకీ పిల్ల తేలికైపోయింది. ఎత్తుకుంటే చేతిలో ఏమీ లేనట్టుండేది.

ఉయ్యాలలోంచి పిల్లను తీసుకుని దాని తల్లి దగ్గరికి పోయాను. మంచం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. ఒక బిడ్డను మట్టిలో పెట్టినదాన్ని. నా చేత్తో నేనే మందు పాలు పట్టించి, దీనికేమన్నా అయితే? డాక్టరమ్మ చెప్పింది చెవుల్లో ఉంది, లోపలికి దిగడం లేదు.

పొద్దున పిండిన పాలు గ్లాసులో ఉన్నాయి, ఇంకా పారబోయలేదు. పిల్లను పక్కన పడుకోబెట్టాను. గ్లాసు ఎత్తాను. ఒక్క గుక్కలో తాగేశాను.

"అత్తమ్మా! ఏందది! ఏం తాగావు!" అని ప్రేమమ్మ కేక పెట్టింది.

"నోరు ముయ్యి. నేను చస్తే బిడ్డకియ్యబాక" అని చెప్పి, వాకిట్లోకి వచ్చి అరుగు మీద కూర్చున్నాను.

రుచి అడుగుతారేమో. తియ్యగా, పల్చగా ఉన్నాయి. జాన్‌బీ మేకకంటే మేలు.

అంతలో జాన్‌బీ పాలచెంబుతో వచ్చింది. "ఏంది రాహేలక్కా, అట్టా కూసున్నావు?"

"చస్తానేమో చూస్తన్నా. నువ్వూ కూసో."

సంగతి విని అది చెంబు కింద పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని, ఊపిరాడనంతగా నవ్వింది. తరవాత నా పక్కన కూర్చుని, "చచ్చేది చావనిది ఎట్టున్నా, నీకు వరస మారిపోయింది అక్కా. మా సాయిబుల్లో ఎవరి పాలు తాగితే వాళ్ళే అమ్మ. ఇయ్యాల్టినుంచి నీ కోడలు నీకు అమ్మ. లేసి పోయి దండం పెట్టు" అంది.

మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. కడుపులో పోటు లేదు, కళ్ళు తిరగలేదు. కాసేపటికి ఆకలి వేసింది. చచ్చేవాళ్ళకు ఆకలి వేయదు కదా అనుకుని లోపలికి పోయి, పిల్లను తీసి దాని తల్లి ఒళ్ళో పెట్టాను.

పిల్ల మొదట మొహం తిప్పుకుంది. మేకపాల చెంచాకు అలవాటు పడి రొమ్ము మరిచిపోయింది. ప్రేమమ్మ ఒక చుక్క దాని పెదవి మీద పిండింది. నాలిక బయటపెట్టి నాకింది. ఇంకొక చుక్క. ఆ తరవాత పట్టుకుంది చూడండి, పట్టు! నొప్పికి మీ అమ్మాయి పళ్ళు బిగించి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. నేనూ ఏడ్చాను. దాచుకోవడానికేముంది?

మర్నాడు సూదికి పోయినప్పుడు డాక్టరమ్మకు చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వింది. "రాహేలమ్మగారూ, మీ ముసలి పొట్ట తట్టుకుంటే పసి పొట్ట తట్టుకుంటుందని లెక్కేమీ లేదు. మీరు తాగి కనిపెట్టింది ఏమీ లేదు. పాలిచ్చే తల్లులకు ఈ మందు వెయ్యవచ్చు కాబట్టే నేను ఇవ్వమన్నాను. మొదటిరోజే నా మాట వింటే పిల్ల ఇట్లా అయ్యేది కాదు కదా" అంది. నిజమే, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆవిడ కూడా నవ్వడం ఆపేసింది.

పిల్లకు విరేచనాలు ఎక్కువైనా, ఒంటిమీద దద్దుర్లు లేచినా, నోట్లో తెల్లగా పూసినా వెంటనే తీసుకురమ్మంది. ఒకరోజు కొంచెం పల్చగా అయింది. చెప్పుల్లేకుండా పరిగెత్తాను. పిల్లను అటూ ఇటూ తిప్పి చూసి, బాగానే ఉంది, పాలు ఆపవద్దని తిప్పి పంపింది. అన్ని మందులూ ఇట్లాంటివి కావట. ఇక ముందు ఏ మందు వాడవలసి వచ్చినా, పాలిచ్చే తల్లినని చెప్పి అడిగి వాడమంది.

మల్లెలు నాలుగైదు రోజులే ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. పాలు మొదట తక్కువగా వచ్చాయి. పిల్ల లాగుతున్నకొద్దీ ఊరుతున్నాయి. గడ్డ కరిగిపోయింది, కత్తితో పని లేకపోయింది. సూదులు కూడా శనివారంతో అయిపోయాయి. పిల్ల ఇప్పుడు ఏడిస్తే జాన్‌బీ ఇంట్లోకి వినబడుతోంది. ఆ మేక మళ్ళీ నా అరుగెక్కి నిద్రపోతోంది, దానికిక ఉద్యోగం లేదు.

మీ అమ్మాయి నన్ను ఇంకా అత్తమ్మా అనే పిలుస్తోంది. వరస మారిందని చెబితే సిగ్గుపడుతోంది. అది నాకు అమ్మ అయితే మీరు నాకు అమ్మమ్మ. నాకంటే చిన్నవాళ్ళయినా తప్పదు. ఇశ్రాయేలు తాతగారిని ఇక చెట్లెక్కవద్దని చెప్పండి.

మీ మనవరాలు,
రాహేలమ్మ.


రెంటచింతల,
ఏప్రిల్ 22.

మనవరాలు రాహేలుకు అమ్మమ్మ దీవించి రాయునది.

వరస కలిసింది కాబట్టి ఇక మీరు గీరు అనేది లేదు. నువ్వు అనే రాస్తాను. ఈ అవకాశం కోసం పెళ్ళినాటి నుంచి కాచుకుని ఉన్నాను.

నీ ఉత్తరం మీ తాతగారికి చదివి వినిపిస్తుంటే ఆయన నవ్వి నవ్వి మంచం కోళ్ళు ఊగాయి, కాలు నొప్పెట్టి కేకలు వేశారు. నేను మాత్రం గ్లాసు దగ్గర చదవలేక ఆగిపోయాను. ఉత్తరం మడిచి, వంటింట్లోకి పోయి, పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. నా బిడ్డ కోసం నేను వేపాకు పంపాను. నువ్వు ప్రాణం పోయినా సరేనని గ్లాసెత్తావు. నీ తెలివికి చెంపదెబ్బ కొట్టాలనిపించింది, నీ చేతులు కళ్ళకు అద్దుకోవాలనిపించింది. ఈస్టరు కోసం దాచిపెట్టిన తిట్లన్నీ వృథా అయ్యాయి. మళ్ళీ కూడబెట్టాలి.

ప్రేమమ్మను నాగూర్ వలి తప్ప మనమెవ్వరం అడగలేదు. అది నన్ను కోస్తూనే ఉంది. ఇక దాని ఒంటి సంగతి, దాని బిడ్డ సంగతి ముందు దాన్ని అడుగు. తరవాత డాక్టరమ్మను అడుగు. మన ఇద్దరినీ ఆఖరున అడిగితే చాలు.

కట్టు విప్పారు. మీ తాతగారు కర్ర పట్టుకుని వాకిలి దాకా నడుస్తున్నారు. వచ్చే వారం నాగూర్ వలి బస్సులో వస్తున్నాను. చీరా రవికా, పిల్లకు వెండి మొలతాడు తెస్తున్నాను. నీకు కూడా ఒక చీర తెస్తున్నాను, మనవరాలివి కాబట్టి గౌను కుట్టించుకున్నా సరే.

నేను వచ్చేలోగా ఒకటే మాట. పిల్ల ఏడిస్తే ముందు దాన్ని తాగనివ్వు. మిగిలితేనే నీకు.

అమ్మమ్మ.